మిగిలిన చోట్లో స్టీరింగ్ కుదరదు: ఒక హాట్ రాడ్ కేస్ స్టడీ

పలాస వైపు జీడితోటలున్న కుటుంబంలోని ఒక కుర్రాడు పాత జీపు ఛాసిస్ మీద హాట్ రాడ్, అంటే పాత బండికి రూపు మార్చి కట్టే బండి, కట్టించుకున్నాడు. బాడీ కిందికి కూర్చోబెట్టి, బానెట్ పొడుగు చేసి, ముందు సన్న టైర్లు, వెనక వెడల్పు టైర్లు వేయించాడు. చూడ్డానికి చాలా బాగుంది. కానీ తోటలో నలభై స్పీడు దాటితే బండి చేతికి లొంగడం లేదు. కట్టినవాళ్లు రెండుసార్లు వీల్ అలైన్‌మెంట్ చేసి, కొత్త టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలను కలిపే రాడ్డు కొసల్లోని బంతి కీళ్లు) వేసి పంపారట. తేడా రాలేదు. చివరికి ట్రాలీ మీద ఎక్కించి విజయనగరంలోని మా షెడ్డుకు పంపాడు.

ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. మన వైపు జీపులు మార్పించుకునేవాళ్లు పెరిగారు. ఇంజన్, టైర్లు, లైట్లు, సీట్లు అన్నీ అనుకున్నాక మిగిలిన చోట్లో స్టీరింగ్ ఇరికిస్తున్నారు. ఈ బండిలో కనిపించిన ప్రతి లోపమూ అక్కణ్నుంచి పుట్టిందే.

హాట్ రాడ్ అనే అలవాటు అమెరికాది. 1930లలో కాలిఫోర్నియాలో ఎండిపోయిన సరస్సు నేలల మీద పాత ఫోర్డులను తేలిక చేసి పరుగు పందేలు పెట్టేవారు. 1932 ఫోర్డు వీ8 వచ్చాక అది ఇంకా పెరిగింది. ఆ పందేలను ఒక పద్ధతిలో నడిపించడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. ఆ బండ్ల ముందు భాగం సాదాగా ఉండేది: ఒక బీమ్ యాక్సిల్, ఒక కమాను, ఒక స్టీరింగ్ బాక్సు, రెండు రాడ్లు. అంత సాదా వ్యవస్థే కాబట్టి ఎవరైనా కట్టేయగలరనిపిస్తుంది. నిజానికి అందులో ఒక్క రాడ్డు కోణం తప్పినా సర్దేందుకు ఇంకేమీ ఉండదు.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. ఈ బండి రోడ్డు మీదికి రాదు. సొంత తోటలోను, ప్రదర్శనల్లోను తిరుగుతుంది, ఎక్కడికైనా ట్రాలీ మీదే వెళ్తుంది. ఆ మాట కాగితం మీద రాయించుకున్నాకే పని మొదలుపెట్టాను.

వచ్చినప్పుడు బండి పరిస్థితి

యజమాని చెప్పిన కష్టాలు మూడు. గుంత తగిలితే బండి దానంతట అదే ఒక పక్కకు పోతుంది. స్టీరింగ్ చక్రం ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బరువుగా, రెండుసార్లు తేలిగ్గా ఉంటుంది. మెల్లగా మలుపు తిప్పినా ముందు టైర్లు నేలను గీరుతున్న చప్పుడు వస్తుంది.

బండిని స్టాండ్ల మీద పెట్టి కిందకు దూరాక మొదట కంటపడింది డ్రాగ్ లింక్, అంటే స్టీరింగ్ బాక్సు నుంచి చక్రాల వైపు పోయే రాడ్డు. పాత విల్లీస్ జీపుల్లో డ్రాప్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు తిప్పే చేయి) నుంచి వచ్చే డ్రాగ్ లింక్ ముందు క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) మీద, బలం దిశను మార్చే మీట లాంటి బెల్ క్రాంక్‌కు తగులుతుంది, అక్కణ్నుంచి రెండు టై రాడ్లు చెరో చక్రానికి పోతాయి. ఇక్కడ జీపు యాక్సిల్ తీసేసి పాత మినీ లారీ ఐ బీమ్ యాక్సిల్ వేశారు, బెల్ క్రాంక్ పోయింది. జీపు స్టీరింగ్ బాక్సును మాత్రం ఉన్నచోటే ఉంచి, కుడి చక్రానికి నేరుగా రాడ్డు లాగారు. మధ్యలో కమాన్ పట్టీలు అడ్డం వచ్చాయి. అందుకని 20 మి.మీ. రాడ్డును వేడి చేసి, పట్టీల చుట్టూ 50 మి.మీ. పక్కకు వంచి, రెండు కొసలా థ్రెడ్ ముక్కలు వెల్డింగ్ చేశారు.

మా షెడ్డులో పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నారు. నెల్లిమర్ల జ్యూట్ మిల్లు వర్క్‌షాపులో లేత్ పని నేర్చుకున్న మనిషి. రాడ్డు చూడగానే, "ఇదేటి బాబూ, డ్రాగ్ లింకా, కమానా? వంచినాక అది స్ప్రింగే కదేటి" అన్నారు. ఆయన మాటకు లెక్క కూడా తోడుంది. తిన్నటి రాడ్డును కొసల నుంచి నొక్కితే బలం రాడ్డు పొడవునా సూటిగా పోతుంది. 200 కిలోల బరువంత తోపు వచ్చినా 20 మి.మీ. రాడ్డుకు అది లెక్కలోనిది కాదు. అదే రాడ్డు మధ్యలో పక్కకు జరిగి ఉంటే ఆ తోపు వంపు బలంగా మారుతుంది. గుండ్రటి రాడ్డులో వంపు వల్ల వచ్చే ఒత్తిడి, సూటి తోపు వల్ల వచ్చే ఒత్తిడికి ఎన్ని రెట్లో తెలియాలంటే పక్కకు జరిగిన దూరాన్ని 8తో గుణించి వ్యాసంతో భాగించాలి. ఇక్కడ 50ని 8తో గుణించి 20తో భాగిస్తే 20 రెట్లు. అంటే స్టీరింగ్ చక్రం తిప్పిన ప్రతిసారీ రాడ్డు కొంచెం వంగి, తర్వాత చక్రాలను కదిలిస్తోంది. డ్రైవరుకు అది ప్లే (కీళ్లలో వదులు) లాగా అనిపిస్తుంది. ఎన్ని కొత్త ఎండ్లు వేసినా ఈ ప్లే పోదు. పైగా వంగడం, తిరిగి నిలబడడం వేల సార్లు జరిగాక వెల్డింగ్ పక్కనే పగులు మొదలవుతుంది. పగుళ్లను చూపించే డై పెనెట్రంట్ రంగు చల్లి చూస్తే ముందు కొస వెల్డింగ్ అంచున సన్నటి ఎర్ర గీత తేలింది. ఆ రాడ్డు అప్పటికే తెగే దారిలో ఉంది.

గుంత తగిలితే పక్కకు లాగడానికి కారణం వేరు. జీపులో ముందు కమానుకు షాకిల్ (కమాను కొస ఊగేలా పట్టే లింకు) ముందు వైపు ఉంటుంది, కదలని కన్ను (ఛాసిస్‌కు బిగించిన కొస) వెనక ఉంటుంది. ఛాసిస్ ముందు భాగం కొత్తగా కట్టినప్పుడు రైడ్ మెత్తగా ఉంటుందని షాకిల్‌ను వెనక్కి మార్చారు. అలా మార్చడంలో తప్పు లేదు, చాలామంది చేస్తారు. కాని స్టీరింగ్ రాడ్డును కూడా దానికి తగ్గట్టు మార్చాలి. కన్ను ముందుంటే, వంపు తిరిగిన కమాను పైకి లేచినప్పుడు యాక్సిల్ కాస్త వెనక్కి జరుగుతుంది. వెనకనున్న డ్రాప్ ఆర్మ్ నుంచి ముందుకి వాలుగా దిగిన డ్రాగ్ లింక్ కొస మాత్రం పైకి లేస్తూ ముందుకు పోవాలని చూస్తుంది. రెండూ ఎదురెదురు. ఎవరూ స్టీరింగ్ ముట్టుకోకపోయినా ఆ తేడా అంతా ముందు చక్రం తిరగడంలో తేలుతుంది. కమానులో ఒక్క మెయిన్ పట్టీ ఉంచి, మిగతావి తీసేసి, జాకీతో యాక్సిల్‌ను 50 మి.మీ. లేపి చూశాం. స్టీరింగ్ బిగించి ఉంచినా కుడి చక్రం సుమారు 4 డిగ్రీలు తిరిగింది. తోట దారిలో 50 మి.మీ. కదలిక ప్రతి గుంతకూ వచ్చేదే.

టైర్లు గీరడం సంగతికి వస్తే, మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తం మీద, బయటి చక్రం పెద్ద వృత్తం మీద పోతాయి. లోపలిది ఎక్కువ తిరగాలి. ఈ అమరికను గుర్రపు బండ్ల కాలంలోనే మ్యూనిచ్‌కు చెందిన గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ రూపొందించాడు. అతని తరఫున 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ అకర్‌మాన్ పేరే దానికి స్థిరపడింది. టై రాడ్ యాక్సిల్‌కు వెనక ఉంటే ముందు చక్రాలను తిప్పే చేతుల (స్టీరింగ్ ఆర్ముల) కొసలు లోపలికి వాలి ఉండాలి. కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే పిన్) నుంచి ఆ కొస మీదుగా గీత గీస్తే అది వెనక యాక్సిల్ మధ్య దగ్గరకు పోవాలి. ఈ బండిలో ఇంజన్ సంపు (కింది ఆయిల్ తొట్టి) అడ్డొస్తోందని ఎడమ చేతిని కుడికి, కుడి చేతిని ఎడమకు మార్చి టై రాడ్డును ముందుకు తెచ్చారు. కొసల వాలు లోపలికే ఉండిపోయింది. ముందు వైపున అవి బయటికి వాలాలి. దాంతో వ్యవహారం పూర్తిగా తిరగబడి, మలుపులో బయటి చక్రమే ఎక్కువ తిరుగుతోంది. టైరు గీరకుండా ఎలా ఉంటుంది?

స్టీరింగ్ చక్రం బరువు, తేలికల సంగతి స్టీరింగ్ షాఫ్టులో దొరికింది. వంగి ఉన్నా తిప్పును అవతలికి అందించే యూనివర్సల్ జాయింట్లు రెండున్నాయి, ఒక్కోటి 30 డిగ్రీలకు దగ్గరలో వంగి ఉంది. మధ్య షాఫ్టు మీద రెండు యోకులూ (జాయింటును పట్టుకునే చీలిక కొసలు) ఒకే తలంలో ఉండాల్సింది, ఒకదానికొకటి అడ్డంగా వెల్డింగ్ చేశారు. 30 డిగ్రీల జాయింటు ఒక్కటే ఉంటే బయటికొచ్చే వేగం 0.87 నుంచి 1.15 రెట్ల మధ్య ఊగుతుంది. రెండింటినీ సరిగ్గా కూర్చితే ఒకదాని ఊపును ఇంకొకటి కొట్టేస్తుంది, వేగం సమంగా వస్తుంది. అడ్డంగా కూర్చితే రెండు ఊపులూ కలిసి 0.75 నుంచి 1.33 వరకు పోతుంది. చేతికి తగిలిన బరువూ తేలికా ఇదే.

ఇవి చాలవన్నట్టు డ్రాప్ ఆర్మ్‌ను కోసి, పొడుగు చేసి వెల్డింగ్ చేశారు. అది చూశాక, అందులో ఏ ముక్కనూ బాగుచేసి వాడకూడదని నిర్ణయించుకున్నాను. యజమానికి ఫోను చేసి, "బాబూ, యాక్సిల్, స్టబ్‌లు, కింగ్ పిన్లు ఉంటాయి. స్టీరింగ్ చక్రం నుంచి ముందు చక్రాల దాకా మిగతాదంతా కొత్తగా కట్టాలి" అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మీరెలాగంటే అలాగే మేస్త్రీ గారూ, మా అమ్మ ఎక్కినా భయం లేకుండా ఉండాలి" అన్నాడు.

చోటు ముందు

మొదట చేసిన పని ఇంజన్‌ను 40 మి.మీ. వెనక్కి జరపడం. ఇంజన్ మౌంటింగులు మార్చాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కురచ చేయించి బ్యాలెన్సింగ్ చేయించాలి, ఫైర్‌వాల్ కొంత కోయాలి. స్టీరింగ్ పనికి వచ్చిన బండిలో ఇంజన్ కదుపుతున్నారేమిటని యజమాని అడిగాడు. టై రాడ్ వెనక తన చోటికి తిరిగి రావాలంటే సంపు జరగాల్సిందే. స్టీరింగ్ కోసం ఇంజన్ జరపొచ్చు, ఇంజన్ కోసం స్టీరింగ్ రాడ్డును వంచకూడదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

రాడ్డు బండి పక్కగా ముందుకు పోయే పక్క రాడ్డు పద్ధతి వదిలి అడ్డ రాడ్డు పద్ధతి ఎంచుకున్నాం. అంటే బాక్సు కుడి రైలు లోపలి వైపు, యాక్సిల్ వెనక ఉంటుంది. డ్రాప్ ఆర్మ్ కొస కుడి, ఎడమలకు కదులుతుంది. డ్రాగ్ లింక్ బండికి అడ్డంగా పోయి ఎడమ చక్రం చేతికి తగులుతుంది. యాక్సిల్ పైకీ కిందికీ పోయినప్పుడు ముందువెనకల కదలిక ఈ రాడ్డును పెద్దగా కదిలించదు, షాకిల్ ఎటున్నా పర్వాలేదు. స్క్రాప్‌లో దొరికిన మారుతీ జిప్సీ స్టీరింగ్ బాక్సు తెచ్చాం. అది లోపల చిన్న బంతుల మీద తిరిగే రీసర్క్యులేటింగ్ బాల్ రకం, పాత జీపు కామ్ బాక్సు కన్నా చాలా తేలిగ్గా తిరుగుతుంది. విప్పి, బేరింగులు, సీళ్లు మార్చి, వాడే ముందు నిష్పత్తి కొలిచాం: పైన రెండు పూర్తి చుట్లకు కింద సుమారు 36 డిగ్రీలు, అంటే 20కి 1.

అట్టముక్కలు, పీవీసీ పైపులతో మొత్తం నమూనా కట్టి, ఇనుము కోయకముందే దాన్ని అన్ని స్థానాల్లోనూ కదిపి చూశాం. ఎడమ చక్రం చేయి యాక్సిల్ వెనక ఉంది కాబట్టి, స్టీరింగ్ చక్రం కుడికి తిప్పితే డ్రాప్ ఆర్మ్ కొస ఎడమకు పోవాలి. తెచ్చిన బాక్సును ఎటు తిప్పి బిగిస్తే ఆ దిశ వస్తుందో నమూనాలోనే తేలిపోవాలి. దిశ తప్పితే బాక్సును బోల్తా వేయడం తప్ప దారి ఉండదు, అప్పుడు బ్రాకెట్లన్నీ వృథా.

అసలు కీలకం రాడ్డు ఎత్తు. డ్రాగ్ లింక్ పొడవు 900 మి.మీ., ఎడమ చేయి 150 మి.మీ. బాక్సును రైలుకు సులువుగా బిగించే చోట పెడితే డ్రాప్ ఆర్మ్ కొస, చేతి కొసకన్నా 150 మి.మీ. పైన వస్తోంది. అలా ఉంటే యాక్సిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య దూరం 50 మి.మీ. మారినప్పుడు రాడ్డు అడ్డం పొడవు దాదాపు 10 మి.మీ. తేడా వస్తుంది. 150 మి.మీ. చేతి మీద అది 3.8 డిగ్రీలు. అంటే ఇంత పనీ చేసి పాత జబ్బునే తిరిగి తెచ్చుకున్నట్టు. బాక్సు బ్రాకెట్‌ను రైలు కిందకి దించి, ఎడమ చేతిని స్టబ్ (చక్రాన్ని మోసే ముక్క) పైకి ఎత్తి కట్టి, ఆ 150ని 15కు తెచ్చాం. అప్పుడు అదే 50 మి.మీ. కదలికకు 2.2 మి.మీ. తేడా, 0.8 డిగ్రీలు. రాడ్డు నేలకు దాదాపు సమంగా ఉండాలని అందరూ అంటారు. ఎందుకో చూపించే లెక్క ఇదే. అడ్డ రాడ్డు వేయించుకునేవాళ్లు ఈ ఒక్క కొలత టేపు పెట్టి చూసుకోమని కోరుతున్నాను.

డ్రాప్ ఆర్మ్ 135 మి.మీ.ది. కోయని, వెల్డింగ్ తగలని ఫోర్జింగ్ ఆర్మ్ దొరికేదాకా ఆగాం. ముందు చక్రం ఒక కొస నుంచి ఇంకో కొసకు 54 డిగ్రీలు తిరగాలి, లోపలికి 30, బయటికి 24. 150ని 135తో భాగించి 20తో గుణిస్తే మొత్తం నిష్పత్తి 22. ఆ లెక్కన కొస నుంచి కొసకు స్టీరింగ్ సుమారు మూడుంపావు చుట్లు. పవర్ లేని బండికి అది సరిపోతుంది.

తయారీ

డ్రాగ్ లింక్, టై రాడ్ రెండింటికీ మందపాటి సీమ్‌లెస్ గొట్టం విశాఖ ఆటోనగర్ నుంచి తెచ్చాం. బయట 27 మి.మీ., లోపల 14. దానికి ఒక కారణముంది. లోపలి బోరును 14.5కు డ్రిల్ చేస్తే నేరుగా 16 మి.మీ., 1.5 పిచ్ థ్రెడ్ పడుతుంది. ఒక కొస కుడి థ్రెడ్, ఇంకో కొస ఎడమ థ్రెడ్. వెల్డింగ్ అన్నదే లేదు. ఎడమ ట్యాప్ ఖరీదెక్కువ, మన ఊళ్లో వెంటనే దొరకదు, అందుకే చాలామంది రెండు కొసలా కుడి థ్రెడ్డే వేసి, సర్దుబాటు చేయాల్సినప్పుడు ఎండ్ విప్పి తిప్పుతారు. అలా చేస్తే పూర్తి చుట్టు తేడాలే సర్దగలం. ప్రతి ఎండ్ కనీసం 24 మి.మీ. లోపలికి పోవాలి, అంటే వ్యాసానికి ఒకటిన్నర రెట్లు. లోపల ఎంత పోయిందో బయటికి కనపడదు కాబట్టి గొట్టానికి చిన్న సాక్షి రంధ్రం పెట్టాం. సన్న తీగ అందులోకి దూరకూడదు. దూరితే ఎండ్ చాలినంత లోపలికి పోలేదని అర్థం. 900 మి.మీ. పొడవున ఈ గొట్టం వంగిపోవాలంటే లెక్క ప్రకారం దాదాపు 6 టన్నుల తోపు కావాలి. పాత 20 మి.మీ. రాడ్డు తిన్నగా ఉన్నా 2 టన్నుల దగ్గరే వంగుతుంది.

చేతులు ఈఎన్19 అనే గట్టి ఉక్కు ప్లేటు నుంచి మిల్లింగ్ చేశాం. 150 మి.మీ. చేయి, కింగ్ పిన్ల మధ్య దూరం 1200, ముందు, వెనక చక్రాల నడిమి దూరం 2500. ఈ కొలతలకు చేతి కొస 35 మి.మీ. లోపలికి వాలాలి. ప్లేటు కోసేటప్పుడు గ్యాస్ కట్టింగ్ అంచును కనీసం 5 మి.మీ. మిల్లింగ్‌లో తీసేశాం, ఎందుకంటే ఆ అంచు గట్టిపడి పగుళ్లకు చోటిస్తుంది. లోపలి మూలలన్నీ గుండ్రంగా తీశాం, వాడి మూల ఒక్కటీ వదల్లేదు. గీతలన్నీ చేయి పొడవునా పడేలా పాలిష్ పెద్ద మేస్త్రి చేశారు. అడ్డగీత ఉంటే పగులు అక్కడే పుడుతుందని ఆయన నమ్మకం. అది నిజం కూడా.

ఎండ్ పిన్ కూర్చునే టేపర్ (ఒక వైపుకు సన్నబడే) రంధ్రం దగ్గర తొందర పనికిరాదు. జపాన్ వైపు ఎండ్లకు టేపర్ సాధారణంగా 8కి 1. టేపర్ దానికి దగ్గరగా ఉండి, అదే కాని ఎండ్లూ ఉంటాయి. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. కలిపి బిగిస్తే పైనో కిందో ఒక అంచు మీద మాత్రమే కూర్చుంటుంది, బరువు పడ్డ ప్రతిసారీ ఊగుతుంది, కొన్నాళ్లకు పిన్ మెడ దగ్గర తెగుతుంది. మేం ఎండ్లు ముందు కొని, వాటికి సరిపోయే రీమర్ తెప్పించి, ఎక్కడ తగులుతోందో చూపే మార్కింగ్ బ్లూ రాసి, నాలుగింట మూడొంతులకు పైగా తగులుతోందని చూశాకే చేతులు పూర్తి చేశాం.

రోజ్ జాయింట్లు (బంతి బయటికి కనిపించే రాడ్డు కీళ్లు) వేయమని యజమాని కోరిక. ఫొటోల్లో మెరుస్తూ బాగుంటాయి. వాటికి రబ్బరు బూటు ఉండదు. పలాస, సోంపేట వైపు ఉప్పుగాలి, తోటల ఎర్ర దుమ్ము రెండూ ఉన్నాయి. ఒక వర్షాకాలం గడిచేసరికి అవి టకటకలాడతాయి. పైగా ఒకవైపే పట్టుకునేలా బిగిస్తే, లోపలి బంతి ఊడినప్పుడు రాడ్డు పూర్తిగా వదిలేస్తుంది. బూటున్న మామూలు టై రాడ్ ఎండ్లే వేశాం, క్యాజిల్ నట్లు (గంట్లున్న నట్లు), అవి వదులు కాకుండా స్ప్లిట్ పిన్లతో. నట్టును వెనక్కి తిప్పి పిన్ రంధ్రం కలపకూడదు, ఎప్పుడూ ముందుకే బిగించి కలపాలి.

క్రోమ్ విషయంలోనూ మాట పడింది. ముందు భాగమంతా మెరవాలన్నాడు. గట్టి ఉక్కును యాసిడ్‌లో ముంచి పూత వేసేటప్పుడు లోహంలోకి హైడ్రోజన్ చేరుతుంది. పూత వేసిన వెంటనే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు కాల్చకపోతే, ఆ ముక్క ఏ హెచ్చరికా లేకుండా పెళుసుగా విరగొచ్చు. మన దగ్గర పూత వేసే షాపుల్లో ఆ కాల్చే పని నేను చూడలేదు. పైగా పూత కింద పగులు కనపడదు. యాక్సిల్ బీమ్ కవరు, హెడ్‌లైట్ బ్రాకెట్లకు క్రోమ్ చేయించుకోమన్నాను. చేతులకు, రాడ్లకు లేత బూడిద రంగు పెయింటు వేశాం. ఆ రంగు మీద పగులు గీత, తుప్పు మరక ఇట్టే కనిపిస్తాయి.

బాక్సు బ్రాకెట్ 8 మి.మీ. ప్లేటు. రైలు సి ఆకారపు చానెల్ కాబట్టి బోల్టు బిగిస్తే అది నొక్కుకుపోయి, కొన్నాళ్లకు బోల్టు వదులవుతుంది. అందుకని బాక్సు ఉన్న చోట రైలును రెండో వైపు ప్లేటుతో మూసి, బోల్టులు పోయే చోట లోపల గొట్టం స్లీవులు వెల్డింగ్ చేశాం. ఈ స్టీరింగ్ పనిలో వెల్డింగ్ ఉన్న చోటు ఇదొక్కటే, అదీ ఛాసిస్‌కే. బిగించాక టైర్లు నేలమీద ఉంచి, ఒకరు స్టీరింగ్ చక్రం అటూఇటూ బలంగా తిప్పుతుంటే బాక్సు మీద డయల్ గేజి పెట్టి చూశాం. సూది అర మి.మీ. కూడా కదల్లేదు. ఈ పరీక్షకు ఐదు నిమిషాలు చాలు, ఏ షెడ్డులోనైనా చేయొచ్చు.

షాఫ్టులో రెండు కొత్త జాయింట్లు, మధ్యలో ఒకదానిలోకి ఒకటి జారే, రెండు పక్కలా చదునైన డబుల్ డీ షాఫ్టు. యోకులు ఒకే తలంలో, రెండు కోణాలూ సమానంగా 25 డిగ్రీల లోపు. షాఫ్టు జారేది కాబట్టి ముందు నుంచి దెబ్బ తగిలితే స్టీరింగ్ కాలమ్ నేరుగా డ్రైవర్ గుండెల మీదికి రాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ కార్లకు మడతపడే స్టీరింగ్ కాలమ్ 1967 మోడళ్లలో వచ్చింది. మార్చని పాత జీపు బాక్సులో షాఫ్టు ఒకే బల్లెంలా చక్రం దాకా ఉంటుంది. ఒక్క ఆ కారణం కోసమైనా దాన్ని తీసేయడం మంచిదే.

సెట్టింగ్, పరీక్ష

క్యాస్టర్‌ను చివర్లో చూశాం, కావాలనే. క్యాస్టర్ అంటే కింగ్ పిన్ పై కొస వెనక్కి వాలిన కోణం. హాట్ రాడ్‌లకు ముక్కు కిందికి దిగి వెనక భాగం ఎత్తుగా ఉంటుంది. ఛాసిస్ 3 డిగ్రీలు ముందుకు వాలితే క్యాస్టర్ కూడా 3 డిగ్రీలు తగ్గుతుంది. బండి సమంగా ఉన్నప్పుడు 5 డిగ్రీలు పెట్టి సంబరపడితే, టైర్లు వేశాక 2 మాత్రమే మిగులుతుంది. ఈ బండిలో కొలిస్తే సరిగ్గా ఆ 2 డిగ్రీలే ఉంది. కమానుకూ యాక్సిల్‌కూ మధ్య 4 డిగ్రీల వాలు ముక్కలు వేసి 6కు తెచ్చాం. వాటిని స్టీలుతోనే చేశాం. అల్యూమినియం ముక్కలు నలిగి యూ బోల్టులు వదులవుతాయి. టో ఇన్ (ముందు చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కొలత) 3 మి.మీ. పెట్టాం.

కొస ఆపులు యాక్సిల్ మీద బోల్టులతో పెట్టాం. తిరిగే చక్రం మొదట వాటికే తగలాలి, బాక్సు లోపలి ఆపు దాకా ఎప్పుడూ పోకూడదు. తర్వాత యాక్సిల్‌ను పూర్తిగా లేపి, పూర్తిగా దించి, ప్రతి ఎత్తులోనూ రెండు కొసలకూ తిప్పి, డ్రాగ్ లింక్‌కూ టై రాడ్‌కూ సంపుకూ మధ్య కనీసం 25 మి.మీ. ఖాళీ ఉందో లేదో కొలిచాం. ఒక్కచోట 18 వచ్చింది, ఎడమ కొసలో, యాక్సిల్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు. బంప్ రబ్బరు ఎత్తు పెంచి అది సరిచేశాం. ఎండ్ల బంతులు ఏ స్థానంలోనూ గిన్నె అంచుకు తగలకూడదు. తగిలితే బంతి అక్కడ మీటలా పనిచేసి పిన్‌ను విరిచేస్తుంది.

మొదటి నడక మా షెడ్డు ఆవరణలో, తర్వాతిది పలాస తోటలో. యజమాని నడిపాడు, నేను పక్కన కూర్చున్నాను. ముందు పది స్పీడు, తర్వాత ఇరవై, ముప్ఫై. ప్రతి దశలోనూ ఆగి నట్లు చూశాం. నలభై ఐదులో తోట మధ్య పాత కాలువ గట్టు దాటింది. ముందు చక్రాలు రెండూ ఎగిరి దిగాయి, స్టీరింగ్ చక్రం కదల్లేదు. అతను నా వైపు చూసి ఏమీ అనలేదు, ఇంకోసారి అదే గట్టు మీద పోనిచ్చాడు.

తిరిగొచ్చాక రాడ్లు, చేతులు విప్పి మళ్లీ డై పెనెట్రంట్ చల్లాం. కొత్త ముక్క బరువు మోశాక ఒకసారి ఇలా చూడడం మా షెడ్డు అలవాటు. ఎక్కడా గీత రాలేదు. టేపర్లు బ్లూ పరీక్షలో మొదట ఎలా తగిలాయో అలాగే ఉన్నాయి.

రెండు విషయాలు యజమానికి నచ్చలేదు, అవి నిజమైనవే. నిలబడి ఉన్న బండిలో స్టీరింగ్ బరువుగా ఉంది, క్యాస్టర్ పెంచినందుకు అది తప్పదు. తిరిగే వృత్తం కూడా కాస్త పెద్దదైంది, ఎందుకంటే కొసలను మేమే 30 డిగ్రీల దగ్గర ఆపేశాం. పవర్ స్టీరింగ్ పెట్టొచ్చా అని అడిగాడు. పెట్టొచ్చు, కానీ ఈ బ్రాకెట్, ఈ రైలు ఆ బలానికి సరిపోతాయో లేదో మళ్లీ లెక్క వేయాలి. పవర్ బాక్సు అంటే చేతి బలానికి అనేక రెట్లు రాడ్ల మీద పడుతుంది. అది ఇంకో పని అవుతుంది. ఒక సీజన్ ఇలాగే నడిపి చూడమన్నాను.

వానల తర్వాత బండి తనిఖీకి వచ్చింది. ఎడమ టై రాడ్ ఎండ్ బూటు ఒకటి చిరిగి ఎర్రమట్టి లోపలికి చేరింది, ఎండ్ మార్చాం. సాక్షి రంధ్రాల్లో తీగ దూరలేదు, స్ప్లిట్ పిన్లు అన్నీ ఉన్నాయి, టో ఇన్ కదల్లేదు. బాక్సు ముట్టుకోలేదు. ముందు బ్రేకులు ఎడమ వైపు కాస్త ముందుగా పడుతున్నాయని చెప్పాడు. డ్రమ్ములు విప్పి లేత్‌కు ఇచ్చాం. ఆ పని ఇంకా నడుస్తోంది.